అద్దానికి కట్టిన కండువా

ప్రసాద్ మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున అతని చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంది. ఇంటికి వచ్చేవాళ్ళు ఏ స్వీట్లో పళ్ళో తెస్తారు కదా, నేనూ అలాంటిదే అనుకుని "ఎందుకండీ ఇవన్నీ" అని మొహమాటపడ్డాను. అతను నవ్వి, సంచీలోంచి అరచేయంత పెంకు ఒకటి తీసి టీపాయి మీద పెట్టాడు. బూడిద రంగులో, ఒక పక్క గోనెపట్టా అచ్చు పడి, రాయిలా గట్టిగా ఉంది. "పాత అమెరికా కారొకటి బాగు చేయించానండి. టాపు వెనక్కి మడిచే రకం, రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. వెనక సీటు దగ్గర నేలంతా ఇదే పరిచి ఉంది. మెకానిక్కులు ఉలి పెట్టి కొడితే గానీ ఊడలేదు. ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడి కారని తెలిసి, వాకబు చేసుకుంటూ మీ దాకా వచ్చాను," అన్నాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఇంతలో కిటికీ దగ్గర మంచం మీదున్న అత్త "ఇలాగియ్యి" అని చెయ్యి చాపింది. పెంకుని గోటితో గీకి, ఆ పొడి నాలిక్కి రాసుకుంది. ప్రసాద్ కంగారుపడ్డాడు. అత్త మాత్రం తాపీగా పెంకు తిరిగి ఇచ్చేసి, "మా నాన్న ముద్ద. తీపి సచ్చిపోయింది," అంది.

అత్త అంటే మా నాన్నగారి అక్క, నూకరత్నం. తొంభై దాటిన మనిషి. పదేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. కాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ, కంటి ఆపరేషన్ అయ్యాక నాకంటే బాగా చూస్తుంది. వీధిలో వెళ్ళే ప్రతి బండి గురించీ ఆమెకొక అభిప్రాయం ఉంటుంది. ఆటోవాడు మలుపులో హారన్ కొట్టకపోతే మంచం మీంచే తిడుతుంది. అలాంటి మనిషి, ఒకప్పుడు తన చేతుల్లో నడిచిన ఆ కారు మళ్ళీ దొరికిందంటే, దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. పెంకు ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ప్రసాద్‌కి కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి వెళ్ళాను.

నేను తిరిగొచ్చేసరికి అతను ఒక ఫోటో తీసి పట్టుకుని ఉన్నాడు. నలుపు తెలుపుల పెళ్ళి ఫోటో. చర్చి ముందు ఆగిన కారు, వెనక సీట్లో తెల్లచీర కట్టుకున్న పెళ్ళికూతురు, పక్కన కోటు తొడుక్కుని బిగుసుకుపోయిన పెళ్ళికొడుకు. "మా మామ్మా తాతయ్యా అండి. ఈ ఫోటో కోసమే కారు వెతికి కొన్నాను," అన్నాడు. ఫోటో అంచున డ్రైవరు బొమ్మ సగం తెగిపోయింది. ఒక మోచెయ్యి, స్టీరింగు మీద ఒక చెయ్యి, అంతే. ఆ చేతికి గాజులు లేవు. "ఆడమనిషే నడిపిందని మామ్మ చెప్పేదండి. పుట్టిల్లు వదిలొచ్చేస్తున్నానని ఏడుపు ఆపుకోలేకపోతుంటే డ్రైవరమ్మే నవ్వించిందట. మాకు నమ్మకం కలిగేది కాదు. ముందు కూర్చుని బండి నడిపే మనిషి, వెనక కూర్చున్నామెని ఎలా నవ్విస్తుంది?" గోడ వైపు తిరిగి ఉన్న అత్త ఇటు తిరిగింది. "ఆ పిల్ల ఉందా?" అని అడిగింది. "నిరుడు పోయిందండి," అన్నాడు ప్రసాద్. అత్త మళ్ళీ అటు తిరిగిపోయింది.

ఆ కారు మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాతకి బెల్లం కొట్టు ఉండేది. మునగపాక నుంచీ చీడికాడ నుంచీ రైతుల బళ్ళు తెల్లారకుండానే మా వీధిలోకి దిగేవి. ఏదో జమీందారు దివాణంలో సామానంతా అమ్మేస్తున్నారని తెలిసి, కొట్టుకి ఒక పెద్ద కాటా కొందామని వెళ్ళిన మనిషి, కాటా మాట మరిచిపోయి కారుతో తిరిగొచ్చాడు. నానమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "దీని మీద బెల్లం తూస్తావేటి?" అందట. కారుతో పాటు దివాణం డ్రైవరు ఖాదర్ సాయిబు కూడా కొన్నాళ్ళు వచ్చి ఉన్నాడు. తాత నేర్చుకుంటానని బయలుదేరి, మొదటి రోజే కొట్టు ముందు పేర్చిన బెల్లం దిమ్మల గుట్టలోకి కారుని పోనిచ్చాడు. కళాసీలు దిమ్మలు లాగి కారుని బయటికి తీసేదాకా తాత స్టీరింగు పట్టుకుని లోపలే కూర్చున్నాడట. ఆ తర్వాత జన్మలో ఆ చక్రం ముట్టుకోలేదు. సాయిబుకి మా వీధి ఈగలు పడక తన ఊరు వెళ్ళిపోయాడు. ఈలోగా అతని పక్కన కూర్చుని ఊరికే చూస్తున్నదనుకున్న అత్త, బండి నడపడం నేర్చేసుకుంది.

అత్తకి చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళకముందే ఆ పెళ్ళికొడుకు విషజ్వరంతో పోయాడు. ఆయన మొహం తనకి గుర్తులేదని అత్త నాకు చాలాసార్లు చెప్పింది. గుర్తులేని మనిషి కోసం బొట్టూ గాజులూ తీసేసి వెనకింట్లో ఉండిపోయింది. పొద్దున్నే ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే అత్త గది తలుపు దగ్గరగా వేసి ఉండేది. వేయమని ఎవరూ చెప్పక్కర్లేదు, తనే వేసుకునేది. ఆమెకి మళ్ళీ పెళ్ళి చేసే ధైర్యం తాతకి లేదు. కారు తాళం ఆమె చేతికిచ్చే ధైర్యం మాత్రం ఎక్కణ్ణించో తెచ్చుకున్నాడు. అది చిన్న సంగతేమీ కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

మా చిన్నతనంలో ఇంట్లో పనులన్నిటికీ ఒక వరస ఉండేది, అందులో కారుదీ ఒక వాటా. వాకిట్లో కళ్ళాపి, నూతి దగ్గర అంట్లు, తాత స్నానం, ఆ తర్వాత కారు. అత్త పాత పంచె ముక్క తడిపి బానెట్టు నుంచి వెనకదాకా తుడిచేది. తోలు సీట్లకి కొబ్బరినూనె రాసేది. అందుకే ఆ కారెక్కితే పెట్రోలు వాసన, కొబ్బరినూనె వాసన, అన్నిటికీ అడుగున బెల్లం వాసన వచ్చేవి. ఇప్పటికీ ఎవరైనా తలకి నూనె రాసుకుని పెట్రోలు బంకు దగ్గర నిలబడితే నాకు తాత ఇల్లు గుర్తొస్తుంది. టాపుని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. నానమ్మ గోనెపట్టాతో అతుకు వేయబోతే తాత, "తీసీయే, గాలన్నా వత్తాది" అన్నాడు. అలా మా కారుకి కప్పు లేకుండా పోయింది. వాన వస్తే నలుగురం నాలుగు గొడుగులు వేసుకుని కూర్చునేవాళ్ళం.

నేల సంగతి ఇంకొకటి. అంత కారు ఊరికే ఉండటం చూడలేక తాత అందులో అప్పుడప్పుడూ బెల్లం వేయించేవాడు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లి కారుతుంది. ఆ నీరు దిగి దిగి, వెనక సీటు దగ్గర నేల తుప్పుపట్టి చిల్లు పడింది. మేము పిల్లలం ఆ చిల్లులోంచి కింద రోడ్డు పరిగెత్తడం చూస్తూ వెళ్ళేవాళ్ళం. ఇనప రేకు వేయించమని అత్త అంది. తాతకి మెకానిక్కుల మీద నమ్మకం లేదు, తాపీపని వాళ్ళ మీద ఉంది. సున్నం, బెల్లం, ఇసక, కరక్కాయ నీళ్ళు కలిపి రోట్లో దంచించి, గోనెపట్టా పరిచి, దాని మీద ఆ ముద్ద మెత్తించాడు. పాత ఇళ్ళ గోడలు దాంతోనే నిలబడ్డాయి కదా, కారు నేల నిలబడదా అని ఆయన లెక్క. "బెల్లంతో పోయినది బెల్లంతోనే బాగవాలి," అని మురిసిపోయాడు. అది నిజంగానే రాయిలా గట్టిపడింది. చీమలు మాత్రం ఏళ్ళ తరబడి వదల్లేదు. నానమ్మ ప్రతి ప్రయాణానికీ ముందు నేలంతా పసుపు చల్లేది.

చుట్టుపక్కల కప్పు లేని కారు మరొకటి లేదు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వీధి వీధంతటికీ కనబడాలంటే మా కారే కావాలి. అడగడానికి వచ్చినవాళ్ళకి తాత కాదనకుండా ఇచ్చేవాడు, ఒక షరతు మీద. కారుతో పాటు తన కూతురు వస్తుంది. ఇక్కడే వచ్చేది చిక్కు. భర్త పోయిన మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదు. అలాంటిది ఆమె నడిపే కారులో కొత్త దంపతుల్ని ఎలా ఊరేగిస్తారు? తాత వర్తకుడు, ఏ సరుకుకైనా మాట దొరికేది ఆయనకి. "ఎదురొత్తే కదయ్యా తప్పు? మా నూకరత్నం ఎదురెక్కడొచ్చింది? ముందు కూకుంటాది. ముందు కూకున్నోళ్ళది ఈపు అగుపిత్తాది గానీ ముకం అగుపిత్తాదేటి?" అనేవాడు. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. అవతల పెళ్ళికూతురు అప్పటికే కారు కోసం మారాం చేస్తూ ఉంటుంది. "ఈపే కదా" అని ఒప్పుకునేవారు. హిందువులూ క్రిస్టియన్లూ అని లేదు, ఈ పట్టింపు అందరికీ ఉండేది, తాత జవాబూ అందరికీ ఒకటే. పెళ్ళయ్యాక వాళ్ళు పసుపూ కుంకుమో రవికల గుడ్డో నానమ్మకి పెట్టి వెళ్ళేవారు. అత్తకి ఏమీ పెట్టేవారు కాదు. కానీ ఊరేగింపు నుంచి తిరిగొచ్చిన రోజున అత్త మొహం చూడాలి. వెనకింట్లో తలుపు దగ్గరగా వేసుకునే మనిషేనా అనిపించేది.

మా అక్క వరలక్ష్మిని అందరం వరం అనేవాళ్ళం. దాని పెళ్ళికి అత్తే ఊరేగించాలన్నది దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఖాయమైన సంగతి. మధ్యాహ్నాలు కారు కొట్టు వెనకున్న షెడ్డులో ఆగి ఉండేది. అక్క తుండుగుడ్డ ముసుగేసుకుని వెనక కూర్చుని పెళ్ళికూతురయ్యేది. నేను బొగ్గుతో మీసాలు పెట్టుకుని పెళ్ళికొడుకుని. అత్త చక్రం పట్టుకుని, నోటితోనే ఇంజను చప్పుడు చేస్తూ మమ్మల్ని ఊరంతా తిప్పేది. "గౌరమ్మ గుడి వచ్చింది, దండం ఎట్టండి. కూరగాయల బజారు, ముక్కు మూసుకోండి." మధ్య మధ్యలో ముందున్న అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ కనుగుడ్లు గిరగిరా తిప్పేది. అక్క ముసుగులోంచి పకపకా నవ్వేది. "నవ్వకే, పెళ్ళికూతురివి" అని అత్త కసిరేది. మళ్ళీ తనే కళ్ళు తిప్పేది.

నిజం పెళ్ళి రానే వచ్చింది. సంబంధం కె. కోటపాడు. చెరకు రైతులు, తాత కొట్టుకి బెల్లం వేసేవాళ్ళే, నిమ్మళమైన మనుషులు. మా ఇంటి ఆనవాయితీ వాళ్ళకి తెలుసు, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పెళ్ళి ముందురోజు పెళ్ళికొడుకు మేనమామ కారు చూస్తానని షెడ్డులోకి వచ్చాడు. చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, చివరికి వెనక సీట్లో కూర్చుని చూశాడు. ముందు సీట్లో తాత గుమస్తా ఏదో సర్దుతున్నాడు. మేనమామ తల ఎత్తి ముందుకి చూసి, "మావా, మరా అద్దం ఏటి?" అన్నాడు. తాతకి అర్థం కాలేదు. "ఈపే అగుపిత్తాదన్నావు కదా? అద్దంలో నీ గుమస్తా ముకం నాకు అగుపిత్తంది మరి," అన్నాడాయన. పోట్లాడే గొంతుతో అనలేదు. నిజంగానే సందేహం వచ్చినట్టు అన్నాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ రాని సందేహం.

సాయంత్రానికి ఆ మాట విడిదంతా పాకింది. తాత వెళ్ళి నచ్చజెప్పబోయాడు. ఊరందరి పెళ్ళిళ్ళకీ నిలబెట్టుకున్న షరతు సొంత మనవరాలి పెళ్ళికి వదులుకోవడం ఆయనకి మహా కష్టంగా ఉంది. అలాగని పెళ్ళి చెడగొట్టుకోలేడు. రాత్రి భోజనాలకి ముందు షెడ్డులోకి వెళ్ళి, భుజం మీది కండువా తీసి, ఆ అద్దానికి రెండు చుట్లు చుట్టి ముడివేశాడు. "ఇంకేటి మీ బాధ? అద్దం నేదు, ముకం నేదు," అన్నాడు మగపెళ్ళివారితో. వాళ్ళకీ బాగానే తోచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సమస్య తీరిపోయిందని తాత స్వయంగా అత్తని పిలుచుకొచ్చి చూపించాడు.

నేనప్పుడు అక్కడే ఉన్నాను. అత్త ఆ కండువా వైపు చూసింది. తర్వాత చీర చెంగు ముడి విప్పి, అందులోంచి కారు తాళం తీసి బానెట్టు మీద పెట్టింది. "ఎనక అగుపించకుండా బండి నడపలేను నాన్నా. ఎవర్నన్నా సూసుకో," అంది. తాత బతిమాలాడు. "ఎనక సూడడానికేటుందమ్మా, వాయిద్యాలోళ్ళే కదా, ఆళ్ళే తప్పుకుంటారు" అన్నాడు. "నడపలేను" అని ఇంకోసారి చెప్పి అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. డ్రైవరు మాటలాగే అందరం తీసుకున్నాం. నిజమే కదా, వెనక కనబడకుండా ఎవరు మాత్రం నడుపుతారు?

మర్నాడు అక్కనీ బావనీ మార్కెట్టులో లారీ నడిపే అతనొకడు ఊరేగించాడు. కారు ఎక్కడా ఆగలేదు, ఏ ఉపద్రవమూ జరగలేదు. అతను దారంతా హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. అతను నడిపేటప్పుడు ఆ కండువా అక్కర్లేదని, విప్పేయొచ్చని ఎవరికీ గుర్తులేదు. ఊరేగింపంతా దాని జరీ అంచు గాలికి నా మొహం ముందు కొట్టుకుంటూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అక్క తల దించుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెళ్ళికూతురు ఏడవడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత అత్త ఆ కారు ముట్టుకోలేదు. దాని పేరు ఎత్తలేదు. తాతకి ఎప్పటిలాగే వేణ్ణీళ్ళు తోడేది, అన్నం వడ్డించేది, ఒంట్లో బాగోకపోతే కాళ్ళు పట్టేది. ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే తాతకి సుఖంగా ఉండేదేమో. ఆయన అప్పుడప్పుడూ తాళం తెచ్చి అత్త గది గూట్లో పెట్టేవాడు. మర్నాటికి అది మళ్ళీ ఆయన తలగడ పక్కన ఉండేది. తర్వాత ఎవరైనా పెళ్ళికి కారు అడిగితే "ఇంజను పాడయ్యింది" అని పంపేసేవాడు. షెడ్డులో కోళ్ళు సీటు మీదికెక్కి గుడ్లు పెట్టాయి. తాత పోయాక నాన్నగారు దాన్ని పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేశారు. అక్క పుట్టింటికి వచ్చినప్పుడల్లా అత్త చుట్టూ తిరిగేది. అత్త దానికి జడ వేసేది, ఇష్టమైనవన్నీ వండి పెట్టేది. కానీ అక్క మనసులో ఒకటి ఉండిపోయింది. "నేను తల ఎత్తి ఒక్క మాటంటే అయిపోను. మా అత్తే నడపాలంటే ఆళ్ళు కాదందురా? అందుకే అత్తకి నా మీద కోపం," అని ఎన్నోసార్లు నా దగ్గర ఏడ్చింది. అత్తని అడగమంటే భయపడేది. ముసలమ్మలయ్యాక కూడా భయమే.

ప్రసాద్ వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న కాఫీ తాగుతూ అత్త, "ఆ అబ్బి బండి ఎక్కడన్నాడే?" అంది. మునగపాక వెళ్ళే దారిలో షెడ్డు అని చెప్పాను. "వరాన్ని కూడా రమ్మను," అంది. నేను ఆశ్చర్యం దాచుకుని అక్కకి ఫోన్ చేశాను. అక్క ఆ పూటే కె. కోటపాడు నుంచి ఆటో కట్టించుకుని దిగింది, కొత్తచీర కట్టుకుని. బావగారు పోయి నాలుగైదేళ్ళయింది. అక్క బొట్టు తీయలేదు, పిల్లలు తీయనివ్వలేదు. మొదట్లో అత్త ఎదట పడటానికి సిగ్గుపడితే, "బాగుందే, ఉంచుకో" అని అత్తే అంది. తన నుదురు మాత్రం ఎప్పటిలాగే ఉంచుకుంది.

వెళ్తుంటే దారిలో ఒక కల్యాణమండపం ముందు మా ఆటో ఆగిపోయింది. పెళ్ళి కారు పైకప్పు తెరుచుకుని అందులోంచి పెళ్ళికూతురు నడుము దాకా పైకి లేచి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పాటకి చేతులు ఊపుతోంది. డ్రోను ఒకటి నెత్తిమీద గుయ్యిమంటోంది. నాలాంటివాళ్ళకి వెంటనే ఒక విసుర్మాట నోటిదాకా వస్తుంది. అత్త మాత్రం తల బయటికి పెట్టి కళ్ళార్పకుండా చూసి, "ఏడవట్లేదు సూడు. మంచిదే," అంది. నేను నా మాట మింగేశాను. అప్పటి రోజులు బంగారమని రాసుకోవడం నాలాంటివాళ్ళకి అలవాటు. అప్పుడు ఊరేగింపులో వీధంతా కలిసి నడిచిన మాట నిజమే. ఆ వీధంతా ఒక మనిషి వీపుకి మాత్రమే ఒప్పుకుందన్నదీ నిజమే. బెల్లం వాసన కూడా మా వీధిలో ఇప్పుడంత లేదు. ఉన్నప్పుడు ఈగలూ ఉండేవి.

షెడ్డులో కారు చూసి నేను గుర్తుపట్టలేదు. ముదురు ఎరుపు రంగు, మొహం చూసుకోవచ్చేటట్టు మెరుస్తున్న బంపర్లు, కొత్త కాన్వాసు టాపు వెనక్కి చక్కగా మడిచి ఉంది. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అచ్చం అలాగే చేయించానని ప్రసాద్ చెప్పాడు. నేలకి నున్నటి రేకు, పైన తివాచీ. చీమ ఒక్కటి లేదు. మా కారుకంటే ఇది చాలా కొత్తది. నాకు కొంచెం దిగులేసింది కూడా. ప్రసాద్ డ్రైవరు వైపు తలుపు తీసి, "రండి మామ్మగారూ, మీ సీటు" అన్నాడు. ఫోటో తీద్దామని ఫోను చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాడు. అత్త ఆ సీటు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కర్ర పొడుచుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. "నాకు ఎనక తియ్యి బాబూ. ఎప్పుడూ కూకోనేదు అక్కడ."

మేమిద్దరం చెరో చెయ్యీ పట్టి ఎక్కించాం. పెళ్ళికూతుళ్ళు కూర్చునే ఎడమ పక్క కాకుండా సరిగ్గా మధ్యకి జరిగి కూర్చుంది. సీటుని అరచేత్తో రాసి చూసింది. "వరం, నువ్వు ముందు కూకో," అంది. "నాకు నడపడం ఏటొచ్చత్తా?" అంది అక్క. "నడపమన్నానేటి? కూకోమన్నాను." అక్క బెదురుతూనే ఎక్కి, చక్రం మీద చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. అత్త ప్రసాద్‌ని పిలిచి అద్దం కొంచెం కిందికి, కొంచెం ఇటు అని సర్దించింది. ఆ పని ఆమెకి అలవాటే. "సాలు. ఇప్పుడు సూడే వరం. అద్దంలో సూడు. అగుపిత్తన్నానా?"

అక్క తల ఎత్తింది. "అగుపిత్తన్నావత్తా."

"నువ్వూ నాకు అగుపిత్తన్నావు. ఆళ్ళందరికీ నేను ఇలాగే అగుపించీదాన్ని. ఆళ్ళు నాకు అగుపించీవోరు," అంది అత్త. "మీ తాతకి తెలీదు. ఈపు, ఈపు అని ఊరందరికీ సెప్పుకునీవోడు పాపం. నేను సెప్పనేదు. సెప్తే బండి ఇవ్వడు కదా మరి. కన్నోరి ఈది దాటేసరికి పతీ పెళ్ళికూతురు గుంటా ఏడుపే. ఎవుళ్ళూ పలకరించరు, పక్కనున్నోడు కొత్తోడు. నేను అద్దంలోంచి ఇలగ కళ్ళు తిప్పీదాన్ని. నవ్వీసీవోరు. ఆ బాబు మామ్మా నవ్వింది." ప్రసాద్ ఫోను పట్టుకున్న చెయ్యి దింపేశాడు. అత్త అతని వైపు చూడలేదు. "నీ మీద నాకు కోపమేటే పిచ్చిదానా? మగపెళ్ళివోరి మీదా నేదు. మా నాన్న కండువా కట్టీసేక, ఎనక నువ్వు ఏడుత్తావని తెలిసి, అగుపించకుండా ఎలా నడపమంటావు?"

వెనక అగుపించకుండా బండి నడపలేనని ఆ రోజు షెడ్డులో అత్త అన్న మాట నేను చెవులారా విన్నాను. ఇన్నేళ్ళూ దాన్ని వాయిద్యాలవాళ్ళ గురించే అనుకున్నాను. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. ముందు సీట్లో అక్క భుజాలు కదులుతున్నాయి. అది వెనక్కి తిరగలేదు, అద్దంలోంచే అత్తని చూస్తోంది. అత్త కూడా అద్దంలోకే చూస్తూ, తొంభై దాటిన ఆ కనుగుడ్లని గిర్రున ఒక చుట్టు తిప్పింది.

"ఏడవకే. కాటిక కారిపోద్ది," అంది.

అక్క కళ్ళకి కాటుక పెట్టుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో. అయినా చిటికెనవేలు మడిచి, రెండు కళ్ళ కిందా జాగ్రత్తగా ఒత్తుకుంది.